బాలనటుడు వకీలు కావాలనుకుంటే: ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక ప్రశ్నకు సమాధానం

ప్రొద్దుటూరు నుంచి ఒక యువకుడు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆయన 2011 నుంచి 2018 వరకు, అంటే ఆరేళ్ల వయసు నుంచి పదమూడేళ్లు వచ్చేవరకు, కొన్ని సినిమాల్లోనూ రెండు టీవీ సీరియళ్లలోనూ నటించారు. ఇప్పుడు ఇరవై నిండాయి. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నారు, ఆ తర్వాత లా చదవాలని ఉంది. ఊళ్లో ఇప్పటికీ తనను పాత్ర పేరుతోనే పిలుస్తున్నారని, రేపు నల్లకోటు వేసుకున్నా జడ్జీలూ కక్షిదారులూ సినిమా పిల్లవాడిగానే చూస్తారేమోనని ఆయన భయం. నటన కోర్టులో పనికొస్తుందా, బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా నమోదై, అంటే ఎన్‌రోల్ అయ్యాక డబ్బింగ్ చెప్పుకోవచ్చా అని కూడా అడిగారు. చివర్లో, అడగాలో వద్దో తేల్చుకోలేనట్టు, చిన్నప్పుడు సంపాదించిన డబ్బు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరని ఒక్క వాక్యం రాశారు. అన్నిటికంటే తొందరగా చూడవలసింది ఆ వాక్యమే అని నా అభిప్రాయం. అయినా ఆయన అడిగిన వరుసలోనే చెబుతాను.

నేను కర్నూలు బార్‌లో 31 ఏళ్లుగా సివిల్ వైపు ప్రాక్టీసు చేస్తున్నాను. అంతకుముందు, కోడుమూరు పక్కన ఉన్న మా ఊళ్లోనూ చుట్టుపక్కల జాతరల్లోనూ ఏడేళ్లపాటు హరిశ్చంద్ర నాటకంలో లోహితాస్యుడి వేషం కట్టాను. సినిమా ముఖం నాకు తెలియదు గానీ, పదేళ్లు నిండకముందే పదిమంది ముందు నిలబడి చప్పట్లు వినడం, ఆ తర్వాత మీసం మొలవగానే ఆ వేషం మరొక పిల్లవాడికి పోవడం ఎలా ఉంటాయో తెలుసు. కాబట్టి మీ ప్రశ్నను దూరం నుంచి చూసి రాయడం లేదు.

ముందు మీ భయం గురించి. నటుడు వకీలు కావడం, వకీలు నటుడు కావడం మన సీమలో వింత కాదు. బళ్లారి రాఘవగారు 1880లో మన తాడిపత్రిలోనే పుట్టారు. మద్రాసులో లా చదివి, బళ్లారిలో ప్రాక్టీసు పెట్టి, పబ్లిక్ ప్రాసిక్యూటరుగా కూడా పనిచేశారు. అదే మనిషి తెలుగు రంగస్థలం మీద తన కాలపు మహానటుడు. ఆయనకు మేనమామ అయిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు, నాటకాలు రాసిన కోలాచలం శ్రీనివాసరావు గారు, వీరిద్దరూ ప్లీడర్లే. అంటే నూరేళ్ల క్రితమే బళ్లారి కోర్టులో పగలు దావాలు నడిపినవారు రాత్రిళ్లు నాటకాలు ఆడారు, కక్షిదారులు వారిని వదిలిపోలేదు. కడప జిల్లాలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజంలోనైతే పిల్లలు నడక నేర్చే వయసులోనే రంగం మీదికి వచ్చేవారు. బాలనటులు మన నేలకు కొత్త కాదు.

బాల్యంలో సినిమాల్లో నటించి పెద్దయ్యాక న్యాయరంగంలో స్థిరపడినవారి కోసం చూస్తే, అమెరికాలో జెఫ్ కోహెన్ ఉన్నారు. 1985లో వచ్చిన 'ది గూనీస్' చిత్రంలో చంక్ అనే బొద్దు పిల్లవాడు ఆయనే. వయసు మారి వేషాలు తగ్గిన తర్వాత బర్క్‌లీలో చదువుకుని, యూసీఎల్ఏలో లా పూర్తి చేసి, 2002లో మరొకరితో కలిసి బెవర్లీ హిల్స్‌లో సొంత న్యాయసంస్థ పెట్టుకున్నారు. ఆ సినిమాలోనే తనతోపాటు నటించిన కీ హుయ్ క్వాన్ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ నటనలోకి వచ్చినప్పుడు, 2023లో ఆస్కార్ తెచ్చిపెట్టిన మరో సినిమా ఒప్పందాన్ని క్వాన్ తరఫున మాట్లాడి కుదిర్చింది ఈ కోహెనే. 1990ల మొదట్లో హాలీవుడ్ చిత్రాల్లో బాలుడిగా కనిపించిన చార్లీ కోర్స్‌మో యేల్‌లో లా చదివి, ఇప్పుడు లా ప్రొఫెసరుగా ఉన్నారు. కోహెన్‌కు తన బాల్యం అడ్డు కాలేదు. సెట్టులో పిల్లవాడి చుట్టూ ఏం జరుగుతుందో తెలిసిన వకీలుగా ఆ బాల్యం ఆయన వృత్తిలో ఒక భాగమైంది. మీరు ఈ మాటను గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరకు మళ్లీ వస్తాను.

ఇక నటన కోర్టులో పనికొస్తుందా అన్న ప్రశ్న. దీనికి చాలామంది ఇచ్చే జవాబు "మీకు స్టేజి భయం ఉండదు, గొంతు ఉంది, బాగా వాదిస్తారు" అని. నేను ఆ మాటను ఒప్పుకోను, ఎందుకంటే ఆ నమ్మకంతోనే నేను నా మొదటి క్రాస్‌ను, అంటే అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించే పనిని, పాడుచేసుకున్నాను.

అది ఒక పొలం హద్దు తగాదా. అవతలి పక్షం సాక్షి ఒక ముసలి రైతు. నేను ముప్పై ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, సంభాషణ వల్లించినట్టు వల్లించి, గొంతు ఎక్కడ పెంచాలో ఎక్కడ ఆపాలో కూడా గుర్తులు పెట్టుకుని వెళ్లాను. నాలుగో ప్రశ్నకు ఆ ముసలాయన, నేను అడగని సంగతి ఒకటి తనంతట తానే చెప్పాడు: ఆ గెనిమ, అంటే పొలం గట్టు, పెద్దవాన పడిన ఏడు తెగిపోతే తర్వాత కొంచెం ఇవతలికి జరిపి వేసుకున్నారని. మాకు కావలసిన మాట అదే. గెనిమ జరిపింది ఎవరు, ఎప్పుడు, ఎన్ని అడుగులు, అప్పుడు అక్కడ ఎవరున్నారు అని నాలుగు ప్రశ్నలు వేసి ఉంటే దావా అక్కడే సగం తేలిపోయేది. నేను వినలేదు. నా కాగితంలో ఐదో ప్రశ్న సిద్ధంగా ఉంది, దానికోసం గొంతు సవరించుకుంటున్నాను. సాయంత్రం ఆఫీసులో మా సీనియర్ గారు ఆ డిపోజిషన్ (సాక్షి వాంగ్మూలం) కాపీ నా ముందు పెట్టి, ఆ ఒక్క వాక్యం కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. దావా పోయింది. అప్పీలులో సరిదిద్దుకోవడానికి మా కక్షిదారుకు మరో ఆరేళ్లు పట్టింది.

మీరు ఎన్నడూ కోర్టు హాలులో కూర్చుని ఉండకపోతే ఒక సంగతి తెలియకపోవచ్చు. సాక్షి తెలుగులో చెప్పిన జవాబును మన జిల్లా కోర్టుల్లో చాలాచోట్ల జడ్జిగారు ఇంగ్లీషులోకి మార్చి టైపిస్టుకు చెబుతారు. రికార్డుకు ఎక్కేది ఆ వాక్యం మాత్రమే. మీ గొంతులో ఉన్న బరువు గానీ, మీరు ప్రశ్న వేసిన తీరు గానీ, సాక్షి తడబడిన క్షణం గానీ ఆ కాగితం మీదికి రావు. అప్పీలు వినే జడ్జిగారు మిమ్మల్ని చూడరు, వినరు, ఆ కాగితాన్నే చదువుతారు. కాబట్టి మీరు ఒక చెవి సాక్షి మీద, మరో చెవి టైపిస్టుకు అందుతున్న వాక్యం మీద పెట్టాలి. గెనిమ అన్నమాట అక్కడ ఏ మాటగా మారుతోందో, 'జరిపినారు' అన్నది 'జరిగింది' అయిపోతోందేమో అప్పటికప్పుడే గమనించి, లేచి వినయంగా చెప్పాలి. ఇది మాట్లాడే పని కాదు, వినే పని.

నటన నుంచి నాకు నిజంగా దక్కింది ఏమిటో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. లోహితాస్యుడికి మాటలు తక్కువ. పాము కాటుతో చనిపోయిన తర్వాత కాటి సీను మొత్తం చంద్రమతి ఒడిలోనో, నేల మీదో కదలకుండా పడి ఉండాలి. పెట్రోమాక్స్ దీపం చుట్టూ తిరిగే పురుగులు ముఖం మీద పడతాయి, తుమ్ము వస్తుంది, కాలు తిమ్మిరెక్కుతుంది. జనం వన్స్‌మోర్ అన్నప్పుడల్లా పద్యం మళ్లీ మొదలవుతుంది, పడుకోవడం మరింత సాగుతుంది. కళ్లు మూసుకుని పడి ఉన్నవాడికి వినడం తప్ప వేరే పని లేదు. హరిశ్చంద్రుడి వేషగాడు ఏ పాదం ముందు ఊపిరి తీస్తాడో, హార్మోనియం ఎక్కడ ఎదురుచూస్తుందో నాకు బాగా తెలిసిపోయింది. ఒక రాత్రి ఆయన పద్యం మధ్యలో మరిచిపోయి ఆగితే, శవంగా పడి ఉన్న నేనే పెదవులు కదపకుండా తర్వాతి మాట అందించాను. ఆ వినికిడిని కోర్టుకు తెచ్చుకోవలసింది పోయి, నేను చప్పట్లకు అలవాటుపడిన గొంతును తెచ్చుకున్నాను. మీరు కూడా సెట్టులో ఎదుటివారి మాట పూర్తయ్యే క్షణం కోసం గంటలతరబడి కాచుకుని ఉంటారు, ఒకే మాటను పది టేకుల్లో పదిసార్లు శ్రద్ధగా విని ఉంటారు. ఆ ఓపికే మీ ఆస్తి. వాయిదా కోసం ఉదయం పదిన్నర నుంచి కూర్చుని, సాయంత్రం నాలుగున్నరకు కేసు పిలిచినప్పుడు ఉదయమంత చురుకుగా లేవగలగడం కూడా షూటింగుల్లో పెరిగిన పిల్లలకు తెలిసినంతగా వేరెవరికీ తెలియదు.

ముఖం గుర్తుపట్టే విషయానికి వస్తే, మొదటి నెలల్లో గుర్తుపడతారు, అది నిజమే. బెంచి క్లర్కు నవ్వుతాడు, గుమాస్తాలు సెల్ఫీ అడుగుతారు. రెండో ఏడు వచ్చేసరికి జడ్జిగారికి మీ గురించి గుర్తుండేది ఒక్కటే: ఈ జూనియర్ ఫైలు చదివి వస్తాడా, రాడా. కక్షిదారుల్లో మిమ్మల్ని చూడటానికి వచ్చేవారు కొందరుంటారు, వారు వకాలత్ ఇవ్వరు. ఇచ్చేవారికి మీ పాత్ర పేరుతో పని ఉండదు. అయితే ఇక్కడ మీరు జాగ్రత్తపడవలసిన నియమం ఒకటుంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది, న్యాయవాది ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ పని కోసం ప్రకటనలు చేసుకోకూడదని, కేసులకు సంబంధించి పత్రికల్లో తన ఫొటోలు వేయించుకోకూడదని చెబుతుంది. మిగతా జూనియర్లకు ఇది ఎప్పుడో తగిలే నియమం. ఇప్పటికే అభిమానుల పేజీ ఉన్న మీకు ఎన్‌రోల్ అయిన మొదటి రోజే తగులుతుంది. గౌను, బ్యాండ్స్ వేసుకుని దిగిన ఫొటో ఆ పేజీలోకి ఎక్కనివ్వకండి. కోర్టు బయట బహిరంగ స్థలాల్లో వాటిని ధరించకూడదని కూడా నియమాలున్నాయి. ఆ పేజీని ఎన్‌రోల్‌మెంట్‌కు ముందే మూసేయడం మేలని నా సలహా.

డబ్బింగ్ సంగతి. న్యాయవాది మరొక చోట పూర్తికాల జీతగాడిగా ఉండకూడదు, సొంతంగా వ్యాపారం చేయకూడదు. ఇవి 47, 49 నియమాలు. 51వ నియమం ప్రకారం, ప్రకటనలపైనా పూర్తికాల ఉద్యోగంపైనా ఉన్న నిషేధాలకు లోబడి, ప్రసార మాధ్యమాల్లో పాల్గొనడం, పత్రికా రచన, ఉపన్యాసాలు, బోధన చేసుకోవచ్చు. ఇవి కాక వృత్తి గౌరవానికి భంగం కలగని పాక్షిక పని ఏదైనా చేయాలంటే 52వ నియమం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ సమ్మతి తీసుకోవాలి. ఏడాదికి నాలుగైదు రోజులు డబ్బింగ్ చెప్పుకోవడానికి మీరు రాతపూర్వకంగా అనుమతి అడగండి. అడగకుండా చేసి, ఎవరో ఫిర్యాదు పెట్టాక సంజాయిషీ రాసుకోవడం వద్దు. ఏడాది పొడుగునా సాగే సీరియల్‌కు మాత్రం ఒప్పుకోకండి, ఎందుకంటే అప్పుడు మీ కక్షిదారుల వాయిదాలు ఆ సీరియల్ కాల్‌షీట్ల మీద ఆధారపడతాయి.

చదువు గురించి క్లుప్తంగా. డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీకి ఏపీ లాసెట్ రాయాలి. ప్రశ్నపత్రంలో సగం లా చదవడానికి కావలసిన అభిరుచిపైన, మిగతా సగం సామాన్య విజ్ఞానం, వర్తమాన విషయాల పైన ఉంటుంది. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి లా కళాశాల ఉంది, దూరం పోనక్కర లేదు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియమ్ వచ్చాయి కాబట్టి సీనియర్ల ఇళ్లలోని పాత పుస్తకాల మీద మాత్రమే ఆధారపడకండి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు న్యాయవాదుల చట్టం సెక్షన్ 24లో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీ వారికైతే 125 రూపాయలకు మించి వసూలు చేయకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. న్యాయాధికారి కావాలని ఉంటే, 2025 మే నాటి సుప్రీంకోర్టు తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి అయింది. మొదటి రెండేళ్లు సివిల్ సీనియర్ దగ్గర డ్రాఫ్టింగ్ నేర్చుకోండి. మీలాంటివారిని క్రిమినల్ ట్రయల్స్ వైపు, అక్కడి మాటల పోరు వైపు లాగేవారు చాలామంది ఉంటారు. తొందరపడకండి.

ఇప్పుడు మీ చివరి వాక్యం. సెట్టులో పిల్లవాడి చుట్టూ ఏం జరుగుతుందో తెలిసిన వకీలు అని కోహెన్ గురించి అన్న మాట దగ్గరకు మళ్లీ వస్తున్నాను. మీరు న్యాయవాది కాకముందే చదవవలసిన మొదటి ఫైలు మీదే.

మన కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో, అప్పట్లో మనకు చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. బాలనటుల విషయంలో ఇది ఎంత కఠినంగా ఉంటుందో 1949 నాటి బొంబాయి హైకోర్టు తీర్పు, రాజ్‌రాణి వర్సెస్ ప్రేమ్ అదీబ్, చూస్తే తెలుస్తుంది. మైనరు బాలికకు వేషం ఇస్తామని నిర్మాత ఆమె తండ్రితో ఒప్పందం చేసుకుని, తర్వాత ఆ వేషం మరొకరికి ఇచ్చేశాడు. ఒప్పందం బాలికతో జరిగిందనుకుంటే ఆమె మైనరు కాబట్టి చెల్లదు, తండ్రితో జరిగిందనుకుంటే ఆయన వైపు నుంచి బదులుగా ఇచ్చేది, అంటే ప్రతిఫలం, లేదు కాబట్టి చెల్లదు అని కోర్టు చెప్పింది. కానీ అది పని జరగకముందు రద్దయిన ఒప్పందం. మైనరు తన వంతు పని పూర్తిగా చేసేసి, అవతలివారి నుంచి రావలసింది మాత్రమే మిగిలినప్పుడు దాన్ని రాబట్టుకోవచ్చని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి 1916లోనే, ఒక తనఖా వ్యవహారంలో, చెప్పి ఉంది. మీరు నటించి ముగించిన పనికి డబ్బు రావలసి ఉంటే దాని ఆధారంగా వాదించడానికి చోటుంది.

బాల కార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ సినిమా, సీరియల్, ప్రకటనల్లో పిల్లలు కళాకారులుగా పనిచేయడాన్ని అనుమతించింది గానీ షరతులు పెట్టింది. 2017 జూన్‌లో వచ్చిన నియమాల ప్రకారం రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించకూడదు, వరుసగా 27 రోజులకు మించకూడదు. షూటింగు జరిగే జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్, అనుమతి తీసుకుని, నిర్మాత ఫారం-సిలో హామీపత్రం ఇవ్వాలి. ఆ పని వల్ల వచ్చిన ఆదాయంలో కనీసం 20 శాతం నేరుగా పిల్లవాడి పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అది మేజరయ్యాక అతనికి దక్కాలి. కాలిఫోర్నియాలో ఇలాంటి చట్టం 1939లోనే వచ్చింది. చాప్లిన్ పక్కన నటించిన జాకీ కూగన్ పెద్దవాడయ్యాక తన సంపాదన దాదాపు అంతా తల్లి, సవతి తండ్రి ఖర్చుచేశారని తెలుసుకుని కోర్టుకెళ్లిన తర్వాత చేసిన చట్టం అది.

మీ తొలి సినిమాలకు 2017 నాటి నియమం వర్తించదు. 2018లో మీరు చేసిన చివరి సీరియల్‌కు మాత్రం వర్తిస్తుంది. షూటింగు ఏ జిల్లాలో జరిగిందో ఆ కలెక్టరేటుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, ఆ నిర్మాణానికి ఇచ్చిన అనుమతి, ఫారం-సి నకళ్లు అడగండి. మీ పేరున డిపాజిట్ ఉందేమో కూడా అప్పుడు తేలుతుంది. మీ సంపాదన మీ నైపుణ్యం వల్ల వచ్చింది కాబట్టి, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం దాన్ని తల్లిదండ్రుల ఆదాయంలో కలపకుండా మీ ఆదాయంగానే లెక్కించింది. మీ పేరున పాన్ కార్డు, రిటర్నులు ఉన్నాయేమో వెతికితే ఏ ఏడు ఎంత వచ్చిందో వాటిలో దొరుకుతుంది.

తొందర ఎందుకంటే, దావాలకు గడువు పెట్టే లిమిటేషన్ చట్టం మైనరుకు ఇచ్చే వెసులుబాటు మేజరయిన తర్వాత మూడేళ్ల వరకే. రావలసిన బాకీల దావాలకైనా, మీ పేరున ఉన్న స్థలాన్ని కోర్టు అనుమతి లేకుండా గార్డియన్ అమ్మివేసి ఉంటే ఆ అమ్మకాన్ని రద్దుచేయమని వేసే దావాకైనా సాధారణంగా మీ ఇరవై ఒకటో పుట్టినరోజే గడువు. మీకు మిగిలింది నెలలే.

అలాగని రేపే మీ నాన్నగారికి నోటీసు ఇవ్వమని నేను చెప్పడం లేదు. ఆ డబ్బు మీ బడి ఫీజులకో, హైదరాబాద్‌లో మీతోపాటు ఉండటానికి అమ్మ తీసుకున్న అద్దె ఇంటికో ఖర్చయి ఉండవచ్చు. అడిగితే చెప్పడానికి వారికీ ఒక లెక్క ఉండవచ్చు. కూర్చోబెట్టి నిదానంగా అడగండి, చెప్పినది మధ్యలో అడ్డుపడకుండా వినండి, తేదీలూ మొత్తాలూ ఒక నోటుబుక్కులో రాసుకోండి. బ్యాంకు పాసుపుస్తకాలు, ఒప్పందాల జిరాక్సులు, ఇంటి స్థలం దస్తావేజులు ఏమున్నా ఒక కట్టగా కట్టి, కడపలోనో కర్నూలులోనో మీకు నమ్మకమున్న ఒక సివిల్ వకీలుకు చూపించండి. ఇదంతా వచ్చే పుట్టినరోజుకు కనీసం మూడు నెలల ముందే జరగాలి, ఎందుకంటే సమాచార హక్కు దరఖాస్తుకు జవాబు రావడానికే ముప్పై రోజులు పడుతుంది.